యంత్రానికి ‘లెండి’ నేర్పడం

వినికిడి క్లినిక్, ముందు గది
జూన్ 3

ఏమే గడుగ్గాయ్,

రోజంతా ఈమెయిళ్లు కొట్టీ కొట్టీ వేళ్లు మొద్దుబారాయి. అయినా నీకు మాత్రం పెన్నుతోనే రాస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వెలాగూ ఎత్తవు, మీ మేడమీద గదిలో సిగ్నల్ అందదంటావు. సరే, ఉత్తరమే నయం. మధ్యలో మీ అన్నయ్య లాక్కుని ‘హలో హలో’ అని వీధంతా వినపడేలా అరిచే వీలుండదు.

అసలు సంగతికొస్తాను. ఇక్కడ చెవులు పరీక్షించే డాక్టరమ్మ ఒక్కతే. ముందు గదిలో నేనూ ఒక్కదాన్నే. పరీక్ష కోసం ఎదురుచూసే వాళ్లు నాలుగువందల పన్నెండు మంది. ఈవేళ పేరు రాయించుకుంటే ఏడు నెలలకు వంతు వస్తుంది. రోజుకు తొంభై మెయిళ్లు వస్తాయి. ఎప్పుడు రావాలి, ఏం తేవాలి, పిల్ల నిద్రపోతే పరీక్ష చేస్తారా అని అడుగుతారు. అడిగేది ఒకటే, చెప్పేదీ ఒకటే. కానీ ప్రతిదానికీ మెయిలు తెరవాలి, పాత జవాబు వెతికి అతికించాలి, పేరు మార్చాలి, ఫారం తగిలించాలి, పంపాలి, దాని అరలో పెట్టాలి, జాబితాలో రాసుకోవాలి. నిన్న వేళ్లు మడిచి లెక్కపెట్టాను, పదకొండు నొక్కులు.

ఈ గొడవలో ‘రేపు రాలేము’ అని రాసినవాళ్ల మెయిలు నేను చూసేసరికి ఆ రేపు కాస్తా నిన్న అయిపోతోంది. వాళ్ల గంట ఖాళీ. బయట ఏడు నెలల వరస, లోపల డాక్టరమ్మ గోడ చూస్తూ కూర్చుంటోంది. నిన్న నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. “నాలుగేళ్ల పిల్లకి ఏడు నెలలంటే ఎంతో తెలుసా? మాటలన్నీ నేర్చుకునే వయసు. అవి మళ్లీ రావు” అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇంకో మనిషిని ఇవ్వండని అడిగితే మేనేజరు పైకప్పు వంక చూశాడు. ఆయన పైకప్పు చూశాడంటే ఆ సంగతి అక్కడితో సరి.

నువ్వు కంప్యూటర్లతోనే కాపురం చేస్తున్నావు కదా. ఏదైనా దారి చెప్పు.

వదిన


మేడమీద గది
జూన్ 11

వదినా,

రోజుకు తొంభై మెయిళ్లు, ఒక్కోదానికి పదకొండు నొక్కులు. దాదాపు వెయ్యి. నువ్వు మనిషివా, వడ్రంగి పిట్టవా?

నీకు కావలసినదాన్ని మాక్రో అంటారు. భయపడకు, మందు పేరు కాదు. నువ్వు చేసే పనుల వరసంతా ఒకసారి రాసి, దానికో పేరు పెట్టి, మెయిలు ప్రోగ్రాములో దాచిపెడతావు. తర్వాత ఒక్క మీట నొక్కితే ఆ వరసంతా అదే చేసుకుపోతుంది. ఇంట్లో కొత్తగా పనికి చేరిన మనిషికి చెప్పినట్టు చెప్పాలి. కాకపోతే ఈ మనిషికి బొత్తిగా బుర్ర లేదు. ‘తలుపు వెయ్యి’ అంటే తను లోపలుండి వెయ్యాలా, బయటుండి వెయ్యాలా అన్నది కూడా నువ్వే చెప్పాలి. ఒకసారి చెప్పావా, ఇక అలగదు, విసుక్కోదు, పుట్టింటికి పోతాననదు.

వెనక కాగితం మీద ఇరవైరెండు వరసలు రాశాను. ఉన్నది ఉన్నట్టు కొట్టు. చుక్కలూ గుర్తులూ నీ ఇష్టం వచ్చినట్టు మార్చకు. ఎరుపు రంగు కనిపిస్తే ఏదో వరసలో తప్పుందని అర్థం.

ఫోన్లో చెబితే నిమిషంలో అయిపోయేదే. ఏం చెయ్యను, ఈ పాడు సిగ్నల్!

అన్నయ్య బస్సు బాగా నడుపుతున్నాడా, బస్సే అన్నయ్యను నడుపుతోందా?

నీ గడుగ్గాయ్


వినికిడి క్లినిక్, ముందు గది
జూన్ 24

నా బంగారు మరదలా,

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. తొమ్మిదో వరసలో చుక్క మర్చిపోయాను. తెరంతా ఎర్రగా, అర్థంకాని భాషలో చెడామడా తిట్టింది. ఒక్కో వరసా చూసుకుంటూ అరగంట వెతికాను. చుక్క పెట్టాను. నొక్కాను.

ఏమని చెప్పను! మెయిలు దానంతట అదే తెరుచుకుంది. జవాబు వచ్చి కూర్చుంది. పేరు పడింది. ఫారం అతుక్కుంది. మెయిలు తన అరలోకి తనే నడిచి వెళ్లిపోయింది. కుర్చీలోంచి లేచి “అమ్మ దొంగా!” అని అరిచాను. ఎదురుగా వరసలో కూర్చున్న ముసలాయన, ఏ మాటా వినపడదని కొడుకు చెయ్యిపట్టి తీసుకొచ్చినవాడు, “ఎవరమ్మా దొంగ?” అన్నాడు. కొడుకు ఆయన వంక చూసిన చూపు నువ్వు చూడాలి.

మధ్యాహ్నానికల్లా తొంభై మెయిళ్లూ అయిపోయాయి. ఏం చెయ్యాలో తోచక కిటికీ తుడిచాను.

ఇప్పుడు రెండో పని. రాలేమని రాసినవాళ్లను ముందే పట్టుకుని ఆ గంటను వరసలో ఉన్న ఇంకొకరికి ఇవ్వాలి. కానీ మనవాళ్లు రాలేమని తిన్నగా రాస్తే కదా. పాత మెయిళ్లు తవ్వి జాబితా వేశాను: ‘వీలుపడదు’, ‘కుదరదు’, ‘ఇంట్లో పెళ్లి’, ‘ఒంట్లో నలతగా ఉంది’, ‘చూద్దాం’, ‘మళ్లీ చెబుతాం’, ఉత్త ‘క్షమించాలి’. అన్నిటికన్నా చిక్కుముడి ఒకటుంది. ‘వస్తాం’ అని రాసినవాళ్లు వస్తారు. ‘వస్తాంలెండి’ అని రాసినవాళ్లు రారు. పోయిన ఏడాది ‘లెండి’ పెట్టినవాళ్లు పందొమ్మిది మంది, వచ్చినవాళ్లు ఇద్దరు. ఈ ‘లెండి’ని యంత్రానికి ఎలా నేర్పుతావో నేర్పు, చూస్తాను.

ఒక్క మాట. అది జవాబు పంపేముందు నన్నోసారి చూడనిస్తుందా?

వదిన


ఆఫీసు, నాలుగో అంతస్తు
జూలై 2

వదినా,

నీ ‘లెండి’ సంగతి చదివి ఇక్కడ చుట్టుపక్కల బల్లల వాళ్లు తిరిగి చూసేలా నవ్వాను. నేర్పేశాను. మాట చివర ‘లెండి’ ఉంటే, వెంటనే ‘మీరు తప్పక వస్తున్నారా?’ అని ఇంకో మెయిలు వెళుతుంది. దానికీ జవాబు లేకపోతే ఆ గంట వేరేవాళ్లది.

నీ జాబితాలోని మాటలన్నీ పెట్టాను. ‘రాలేము’ అన్నది ఎక్కడ కనిపించినా మాక్రో ఆ గంటను ఖాళీ చేసి, వరసలో తర్వాతి ముగ్గురికి రాస్తుంది. ముందు ఒప్పుకున్నవాళ్లకు ఇస్తుంది.

నువ్వు చూడక్కర్లేదు. చూస్తూ కూర్చుంటే ఇక మాక్రో ఎందుకు? నువ్వు కిటికీలు తుడుచుకో.

గడుగ్గాయ్


వినికిడి క్లినిక్, ముందు గది
ఆగస్టు 9

మరదలు పిల్లా,

తీపి కబురు ముందు. ఏడు నెలల వరస నాలుగు నెలలకు దిగింది. ఖాళీ గంట అన్నది లేదు. డాక్టరమ్మ టీ రోజూ చల్లారిపోతోంది, అయినా నవ్వుతోంది. మేనేజరు పైకప్పు వదిలేసి నా తెర వంక చూస్తున్నాడు.

ఇప్పుడు కూర్చుని చదువు.

మంగళవారం పొద్దున్న ఒక తల్లి నాలుగేళ్ల కూతురితో వచ్చింది. దర్జీ పని చేస్తుందట, మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయింది. రెండు బస్సులు మారి వచ్చారు. చూస్తే వాళ్ల గంట వాళ్లకు లేదు. ఒక రిటైరైన తోటమాలికి వెళ్లిపోయింది. ఆయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు.

“మీరు రాలేమని రాశారమ్మా” అన్నాను.

“నేనా? ఎప్పుడు?”

మెయిలు తీసి చూపించాను. అందులో ఇలా ఉంది: ‘ఇంత దూరం రాలేము అనుకున్నాం. మా తమ్ముడు తోడొస్తానన్నాడు. తప్పకుండా వస్తాం.’

“రాలేము అనుకున్నాం అని రాశాను. పక్కనే ఉన్న ‘అనుకున్నాం’ మీకు కనపడలేదా? కింద ‘తప్పకుండా’ కనపడలేదా?” అంది. గొంతు పెంచలేదు. ఆమె వేలు ఆ మాట మీదే ఉంది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. “కనపడలేదు కాదమ్మా, నేను అసలు చదవలేదు. మిషను చదివింది. తప్పు నాది” అన్నాను.

తోటమాలి వింటున్నాడో లేదో తెలీదు. మా మొహాలు చూస్తే అర్థమైనట్టుంది. లేచి నిలబడి, “నా చెవులు డెబ్బై ఏళ్లు విన్నాయి. ఇంకో గంట ఆగలేవా ఏం? ముందు పాపని తీసుకెళ్లండి” అన్నాడు. డాక్టరమ్మ భోజనం మానేసి ఇద్దరినీ చూసింది.

పాపకు వినికిడి ఉంది, బాగా తక్కువ. సరిపోతాయో లేదో చూడటానికి వినికిడి మిషన్లు రెండు చెవులకీ పెట్టి నా గదిలోకి పంపారు. అప్పుడే నా వెనక ప్రింటరు మొదలైంది. పాప ఉలిక్కిపడి, బల్ల కిందికి వంగి చూసింది, అక్కడ ఎవరున్నారా అని! నాకు నవ్వాగలేదు. అంతలో వాళ్లమ్మ గుమ్మం దగ్గర్నుంచి మామూలు గొంతుతో “అమ్మలూ” అంది. పాప తిరిగి చూసింది.

ఆ తల్లి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. “పిలిస్తే తిరిగిందండీ. భుజం తట్టకుండా తిరిగింది” అంటోంది. నేనూ పక్కన కూర్చున్నాను. తోటమాలి కూడా కూర్చోబోయాడు కానీ మోకాళ్లు ఒప్పుకోలేదు.

అంతా మంచే జరిగింది. కానీ ఆయన లేచి ఉండకపోతే?

వదిన


మేడమీద గది
ఆగస్టు 17

వదినా,

నాలుగుసార్లు చదివాను. తప్పు నీది కాదు, నాది. పంపేముందు చూడనియ్యమని నువ్వు అడిగావు. నేను తెలివి చూపించాను.

కొత్త కాగితం పంపుతున్నాను. ఇకనుంచి మాక్రో ఎవరి గంటా తీసెయ్యదు, ఎవరికీ తనంతట తాను పంపదు. అనుమానం ఉన్న మెయిళ్లన్నీ ఏరి ఒకచోట పెట్టి, జవాబు సిద్ధం చేసి, నీకోసం కాచుకుని ఉంటుంది. చదివేది నువ్వు. పంపే మీట నీది.

ఆ పాప ఎలా ఉంది? ఆ పరీక్ష ఎలా చేస్తారు వదినా? గదిలో ఒక్కరినే కూర్చోబెడతారా? వినపడకపోయినా వినపడిందని చెబితే వాళ్లకు తెలిసిపోతుందా? పెద్దవాళ్లకైతే ఆ మిషన్లు బయటికి కనపడతాయా? ఊరికే, తెలుసుకుందామని.

గడుగ్గాయ్


ఇల్లు, కిటికీ పక్క బల్ల
ఆగస్టు 26

గడుగ్గాయ్,

కొత్త మాక్రో బంగారంలా ఉంది. రోజుకు ఇరవై మెయిళ్లు నా ముందు పెడుతుంది, అరగంటలో చదివేస్తాను. పాపకు సొంత మిషన్లు వచ్చాయి. ఇప్పుడు కుట్టుమిషను ఆగితే చాలు, ‘ఊ, ఊ’ అని తల్లిని కుట్టమంటోందట.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. చిన్న గది, గాజు కిటికీ, చెవులకు తొడుగులు. ఎంత చిన్న శబ్దం వినపడినా మీట నొక్కాలి. అబద్ధం ఆడితే తెలిసిపోతుంది. పెద్దవాళ్ల మిషను చెవి వెనక చిక్కుడు గింజంత ఉంటుంది, జడ వేసుకుంటే అసలు కనపడదు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. పోయిన నెల మీ అన్నయ్య మీ ఊరికి బస్సు తీసుకొచ్చినప్పుడు నీ గదికి వచ్చాడు కదా. పది నిమిషాలు తలుపు కొట్టాడట. నువ్వు లోపలే ఉన్నావట. తర్వాత నీ మంచం మీద కూర్చుని డిపోకు పావుగంట ఫోన్ మాట్లాడాడట. సిగ్నల్ నాలుగు గీతలూ ఉన్నాయట. ఆయన ఇవన్నీ మామూలుగా చెప్పాడు, ఏమీ అనుకోలేదు. నేను అనుకున్నాను.

పదకొండేళ్లుగా ఈ ముందు గదిలో కూర్చున్నదాన్ని. నీ చెవులు ఎలా ఉన్నాయి?

వదిన


ఆఫీసు, నాలుగో అంతస్తు
సెప్టెంబరు 2

వదినగారికి,

నా చెవులు బాగానే ఉన్నాయి. ఆ రోజు నిద్రపోతున్నాను. మీ క్లినిక్కుకు వచ్చిన అందరిలా నన్ను చూడకండి.

మాక్రోలో ఇంకేమైనా తప్పులుంటే రాయండి, సరిచేస్తాను.

ఇట్లు,
మీ ఆడపడుచు


ఇల్లు, కిటికీ పక్క బల్ల
సెప్టెంబరు 8

గడుగ్గాయ్,

‘వదినగారు’ అట, ‘రాయండి’ అట! మా పెళ్లయిన కొత్తలో కూడా నువ్వు నన్ను మీరు అనలేదే.

మాక్రోలో ఒక తప్పుంది. ‘బాగానే ఉన్నాయి’ అన్నదాన్ని ఎలా చదవాలో దానికి తెలీదు. నాకు తెలుసు.

ఎన్నాళ్లయినా ఆగుతాను. ఎవరికీ చెప్పలేదు, మీ అన్నయ్యకు కూడా.

వదిన


మేడమీద గది
సెప్టెంబరు 21

వదినా,

మూడేళ్లయింది. మొదట కుడి చెవి, తర్వాత రెండూ. ముందు పక్షులు పోయాయి, తర్వాత ఫోను మోగడం, తర్వాత మనుషుల మాటల్లో చివరి ముక్కలు. అన్నయ్య ఒక్కడే నాకు పూర్తిగా వినపడేవాడు, ఆయన గొంతు బస్సు హారను కాబట్టి. అందుకే ఆయనంటే అంత ఇష్టంగా ఉండేదేమో! ఫోన్లో నీ గొంతు అసలు అందేది కాదు. నువ్వు నెమ్మదిగా మాట్లాడతావు. అందుకని సిగ్నల్ లేదన్నాను.

ఆఫీసులో అందరూ నవ్వినప్పుడు నవ్వుతాను, సగం క్షణం ఆలస్యంగా. ఎవరేమన్నా తలూపుతాను. ఒకసారి అలాగే తలూపి, వేసవంతా ఆదివారాలు పనిచెయ్యడానికి ఒప్పుకున్నాను. మా జట్టుకు పెద్దగా ఉండమని రెండుసార్లు అడిగారు. మీటింగులు నడపాలి కదా, వద్దన్నాను. బద్ధకమనుకున్నారు. అదే నయమనిపించింది.

వినపడకపోవడం కన్నా ‘అయ్యో పాపం’ అన్నది వినపడుతుందేమోనని భయం. ఆ దర్జీ తల్లి కథ చదివినప్పుడు మాత్రం, నాలుగేళ్ల పిల్ల బల్ల కింద వెతికింది, ఇరవైతొమ్మిదేళ్లదాన్ని నేనేమో బల్ల కింద దాక్కున్నాను అనిపించింది.

మొన్నటి ఉత్తరం చించెయ్యి. నువ్వు, నువ్వు, నువ్వు. చాలా?

నీ గడుగ్గాయ్


వినికిడి క్లినిక్, ముందు గది
అక్టోబరు 12

నా తల్లీ,

నీ ఉత్తరం అందిన రోజే నీ పేరు జాబితాలో రాశాను. నూట ఇరవై ఆరో నంబరు. ఆడపడుచువని ముందుకు తొయ్యలేదు. ఆ తల్లి వేలు ఆ మాట మీద ఉండటం చూశాక ఎవరినీ తొయ్యలేను. తిట్టుకో.

కానీ వరస నడుస్తోందే! మూడు వారాల్లో నీదాకా వచ్చేసింది. ఈవేళ పొద్దున్న ఒకాయన ‘వస్తాంలెండి’ అని రాశాడు. మాక్రో రెండో మెయిలు సిద్ధం చేసింది, నేను పంపాను, ‘అబ్బే, కుదరదు’ అన్నాడు. తర్వాతి పేరు నీది. ఈ నెల ముప్ఫై, బుధవారం, పదిన్నర.

బస్టాండుకు మీ అన్నయ్య వస్తాడు. ఆయనకు నువ్వే చెప్పు. చెప్పేటప్పుడు నేను పక్కన ఉంటాను.

జవాబు రాయి. ‘వస్తానులే’ అని మాత్రం రాయకు.

వదిన


మేడమీద గది
నవంబరు 23

వదినా,

అక్కడ జరిగిందంతా నువ్వు చూసిందే. గాజు కిటికీ అవతల నుంచుని కళ్లు తుడుచుకోవడం నేనూ చూశాను. “చెప్పకుండా ఎందుకు దాచావే?” అని అన్నయ్య అరిస్తే, “నెమ్మదిగా అను, వినపడుతోంది” అన్నాను కదా. ఆ మొహం నాకు జన్మంతా చాలు. తర్వాత దారంతా గుసగుసగా మాట్లాడుతూ వచ్చాడు. ఆయనకు గుసగుస రాదు వదినా. కండక్టరు వచ్చి గొంతు పోయిందా అని అడిగాడు.

నువ్వు చూడనివి రాస్తాను. ఈ మేడమీద నా గదికి ఇన్ని శబ్దాలున్నాయని తెలీదు. పంపు కారుతోంది, అది ఎన్నేళ్లుగా కారుతోందో! నా చెప్పులు కిర్రుమంటాయి. ఈ చెప్పులతో మూడేళ్లు ఆఫీసులో ఎవరికీ తెలీకుండా తిరుగుతున్నాననుకున్నాను. కాగితం మీద నా పెన్ను చేసే చప్పుడు కూడా ఇప్పుడు వింటున్నాను. చిన్న పురుగు ఆకు కొరుకుతున్నట్టుంది. మొదటి వారం తలనొప్పి వచ్చింది. రెండుసార్లు మిషన్లు తీసి డబ్బాలో పెట్టేశాను, మళ్లీ పెట్టుకున్నాను.

జట్టుకు పెద్దగా ఉంటానని నేనే వెళ్లి చెప్పాను. నిన్న మొదటి మీటింగు. తొమ్మిది మంది. లేచి నిలబడి, రాత్రి అద్దం ముందు అనుకున్న మాటలన్నీ మర్చిపోయి, జడ పక్కకు తీసి చూపించాను.

“నాకు రెండు చెవులూ తక్కువ. మా వదిన పనిచేసే క్లినిక్కులో ఇవి పెట్టించుకున్నాను. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే అన్నీ వినపడతాయి. ఇన్నాళ్లూ మీ మాటలు సగం వినకుండానే తలూపాను. ఎవరికైనా ఏదైనా ఒప్పుకుని చెయ్యకపోయి ఉంటే, అందుకే” అన్నాను.

ఎవరూ అయ్యో పాపం అనలేదు. ఒకమ్మాయి, “అయితే ఆదివారాల పనికి నువ్వు ఒప్పుకున్నది నిజం కాదా? నీ వల్ల మేమంతా వచ్చాం!” అంది. గది గొల్లుమంది. నేనూ నవ్వాను వదినా, అందరితో కలిసి, అదే క్షణంలో.

మీటింగు అయ్యాక అందరూ వెళ్లారు, ఒక్కాయన తప్ప. మా జట్టులో అందరికన్నా పెద్దాయన. మేం రాసినవాటిలో తప్పులు పట్టడం ఆయన పని, అందుకని తప్పులాయన అంటాం. ఆరేళ్లుగా నా పక్క బల్లే. నెమ్మదస్తుడు, దేనికీ అడ్డు చెప్పడు, ఏం చెప్పినా తలూపుతాడు. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

“మీ వదినగారి క్లినిక్కులో పెద్దవాళ్లను కూడా చూస్తారా అమ్మా?” అన్నాడు.

“చూస్తారండీ. ఎవరికి?”

“నాకే. ఎడమ చెవి పూర్తిగా పోయి ఎనిమిదేళ్లు. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఎవరికీ చెప్పలేదు.”

వదినా, ఆయన ఎడమ చెవి నా కుడి చెవి పక్కనే. మూడేళ్లుగా ఆయన ఏదో అనేవాడు, నేను తలూపేదాన్ని. నేను ఏదో అనేదాన్ని, ఆయన తలూపేవాడు. మా అంత సఖ్యంగా పనిచేసే ఇద్దరు ఈ ఆఫీసులోనే లేరని అందరూ మెచ్చుకునేవాళ్లు! ఆ మాటే ఆయనతో అన్నాను, గట్టిగా, ఆయన కుడివైపుకు జరిగి. తర్వాత ఇద్దరం బల్ల మీద తలలు పెట్టుకుని నవ్వాం. బయటికి వెళ్లినవాళ్లంతా ఏమైందోనని వెనక్కి వచ్చారు.

ఆయన మెయిలు ఈ ఉత్తరం కన్నా ముందే నీకు అందుతుంది. పక్కన కూర్చుని రాయించాను. చివర ‘తప్పకుండా వస్తాను’ అని ఆయనే రాసుకున్నాడు.

ఆదివారం పొద్దున్న పదింటికి ఫోన్ చెయ్యి. ఎత్తుతాను.

నీ గడుగ్గాయ్